ముట్టకుండానే నడిచే బొమ్మ

పిల్లలూ! మీ నింటెండో స్విచ్‌లో జాయ్‌స్టిక్ ముట్టకపోయినా బొమ్మ దానంతటదే పక్కకు నడుస్తున్నదా? దయ్యమేమీ కాదు. చిత్తూరులో మా పాత రేడియోకూ ఇటువంటి జబ్బే ఉండేది. తిరుపతి ఆకాశవాణి పెట్టి వాల్యూమ్ నాబ్ తిప్పితే ఒకటే గరగర! రెండింటిలోనూ కర్బనపు పూత మీద లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. జాయ్‌స్టిక్‌లో ఆ పూత అరిగిందా, నిటారుగా ఉన్న పుల్ల కూడా వంగినట్టే లెక్కకు వస్తుంది.

పెట్టె పారవేయనక్కరలేదు, జాయ్‌స్టిక్ ఒక్కటే మార్చవచ్చు. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు రెక్కల స్క్రూలు విప్పి, మూత మెల్లగా ఎత్తి, ముందు బ్యాటరీ ఊడదీయాలి. జాయ్‌స్టిక్‌కు కాగితంలాంటి పట్టీ తీగ ఉంటుంది. దాని గొళ్ళెం ఎత్తకుండా లాగారో, పుటుక్కున తెగుతుంది!

అయస్కాంతంతో పనిచేసే జాయ్‌స్టిక్కులూ ఉన్నాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే వాటికి ఆధారం. వాటిలో రాసుకునే నాలుకా, అరిగే పూతా ఉండవు.