దినమునకు అరగంట

ప్రతి సంవత్సరము ఆటల పోటీల ప్రకటన వెలువడగానే మన కళాశాలలో చదరంగపు బల్లలు బయటికి వచ్చును. పది దినములు మెట్ల మీద, చెట్ల క్రింద, ఖాళీ గదులలో ఆట సాగును. పోటీలు ముగియగానే బల్లలు బీరువా చేరును. ఓడి వచ్చిన విద్యార్థి "అదృష్టము కలిసిరాలేదు సార్" అనును. పాచికలాటలో అదృష్టమునకు చోటున్నది. చదరంగములో బహు స్వల్పము. మనకు కొరవడినది అదృష్టము కాదు, అభ్యాసము.

మా సంగతియే చెప్పెదము. మేము ఈ ఆటను ఇంటి అరుగు మీద పెద్దల వద్ద నేర్చితిమి. బంటు, మంత్రి, ఆటకట్టు అను మాటల కంటె ప్యాదా, వజీర్, మాత్ అనునవి మాకు ముందు తెలిసినవి. ఏండ్ల తరబడి ఆడితిమి గాని ఒక్క ఆటనైనను వ్రాసి పెట్టుకొనలేదు. ఇటీవల ఒక నెల ఎత్తులన్నియు వ్రాసి పరిశీలించగా, గుర్రపు దెబ్బకు మంత్రిని పోగొట్టుకొను దోషము మా ఆటలో మరల మరల కనబడినది. ఆడగా ఆడగా ఆట దానంతట అదే వచ్చునను మా నమ్మకము ఆనాటితో తొలగినది.

అరుగు మీది ఆట హీనమైనదని మా భావము కాదు. మీర్ సుల్తాన్ ఖాన్ పంజాబులో దేశీయ నియమములతోనే ఆడుచు పెరిగెను. పాశ్చాత్య నియమములను తరువాత నేర్చి 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. అంతటి ప్రతిభావంతునకే క్రొత్తగా నేర్చుకొనుట తప్పలేదు. మన తెలుగునాట కోనేరు హంపి తండ్రి అశోక్ గారు అధ్యాపక వృత్తిని వదలి కుమార్తె శిక్షణకు పూనుకొనిరి. ఆమె 2002లో పదిహేనవ ఏట గ్రాండ్‌మాస్టరు అయినది. 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. మనకు అంతటి త్యాగము అవసరము లేదు. మనము కోరునది దినమునకు అరగంట మాత్రమే.

ఆ అరగంటను ఇట్లు పంచుకొనవచ్చును. ఆదివారము తోటివారితో ఒక నిదానపు ఆట. ఒక్కొక్కరికి అరగంట చొప్పున కాలము, ప్రతి ఎత్తును వ్రాయవలెను. సోమవారము ఆ ఆటనే పరిశీలించవలెను. ఎక్కడ తప్పితిమో మొదట మన బుద్ధితో వెదకి, ఆ తరువాతనే కంప్యూటరును అడుగవలెను. మంగళ, బుధ, శనివారములలో పావులను కదపక, మనసులోనే లెక్కించి సమస్యలను సాధించవలెను. గురువారము ఆట ముగింపులు. రాజు తన బంటుకు ముందుగా ఆరవ వరుసలో నిలిచినచో, ఎదుట ఒంటరి రాజు మాత్రమే ఉన్నప్పుడు, అంచు బంటు తప్ప మిగిలిన ఏ బంటుతోనైనను, ఎత్తు ఎవరిదైనను గెలుపు మనదే. ఇట్టి సూత్రములు పది తెలిసిన విద్యార్థి, ఆరంభపు ఎత్తులను నూరు వల్లించిన వానికంటె మేలు. శుక్రవారము విరామము. ఫోనులో మూడు నిమిషముల ఆటలు వినోదమే గాని సాధన కావు.

చదరంగము చదువును చెరుపునని పెద్దల భయము. ఉర్దూ విద్యార్థులు ప్రేమ్‌చంద్ కథలోని లక్నో నవాబులను జ్ఞప్తికి తెచ్చుకొందురు. రాజ్యము పోవుచున్నను ఆట విడువని వారు వారు. ఆ కథ ఆటను గాక హద్దు లేని ఆటను నిందించినదని మా అభిప్రాయము. గడియారము చూచి కూర్చుండి, గడియారము చూచి లేచువానికి ఆ భయము లేదు. నియమబద్ధమైన సాధన ఆటకు బలమే కాదు, హద్దు కూడ.

ఇక కళాశాల కమిటీ వారికి మా విన్నపము. ఇంతవరకు అభ్యాసమును సాయంకాలమే పెట్టుచున్నాము. కామారెడ్డి పట్టణపు విద్యార్థులకు అది అనుకూలమే. ఎల్లారెడ్డి వైపు నుండి వచ్చువారికి ఆ వేళ బస్సు వేళ. గత సంవత్సరము ఆ దారిలోని ఒక విద్యార్థిని గెలుపు చేతికందిన ఆటను సగములో విడిచి బస్సుకు పరుగెత్తినది. నియమము ప్రకారము అది ఓటమి అయినది. ఆ ఓటమిని నమోదు చేసినది మా చేయియే. ఆ రాత్రి ఆ పటమును ఇంటిలో మరల పేర్చి చూచితిమి. నాలుగు ఎత్తులలో ఆమెదే ఆట. మేము ఎవరి ప్రతిభను పరీక్షించితిమి? బస్సు వేళనా?

కావున మధ్యాహ్న విరామములో నమాజు, భోజనము ముగిసిన పిదప మిగులు అరగంటను, ఒక గదిని, ఆరు బల్లలను, రెండు గడియారములను ఇప్పించవలెనని ప్రార్థించుచున్నాము. విజేతలకు ఇచ్చు కప్పు మరుసటి ఏట కొనవచ్చును. గది తాళపుచెవి మాత్రము ఈ ఏడే కావలెను.

విద్యార్థులారా, తాళము వచ్చువరకు వేచియుండకుడు. ఒక నోటుపుస్తకము కొని, ఈ ఆదివారము ఓడిన ఆటను అందులో మొదటి పుటపై వ్రాయుడు.