ఓవెన్ అడగని వంటకం

థాంక్స్‌గివింగ్ దగ్గర పడుతుంటే అమెరికాలో మనవాళ్ళకి ఓ ప్రశ్న తప్పదు. ఆఫీసులో ఎవరో ఆప్యాయంగా భోజనానికి పిలుస్తారు. "ఏం తెమ్మంటారు?" అని మర్యాదకి అడుగుతాం. వాళ్ళు "ఏదైనా యాపిటైజర్ తెండి, చాలు" అంటారు. ఇక ఇంట్లో తర్జనభర్జన మొదలు. సమోసాలా, పకోడీలా, ఏ గొడవా లేకుండా కూరగాయల ట్రేయా?

నా మటుకు నాకు ఇందులో సూత్రం ఒక్కటే. మనం పట్టుకెళ్ళేది ఇంకొకరికి పని పెట్టకూడదు. రుచి సంగతి ఆ తరవాతే.

ముందు వాళ్ళ వంటింటి సంగతి చూడండి. పదిహేను పౌన్ల టర్కీ 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో కాలడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. దాని వెనకాల స్టఫింగూ, క్యాసరోలూ వరసలో ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే ఓవెన్ అనేది షేర్డ్ రిసోర్సు, పొద్దున్నుంచీ దాని లాకు టర్కీ చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు మనం చల్లారిన సమోసాలతో దిగి "ఒక్క పది నిమిషాలు వేడి చేద్దామా" అంటాం. ఆవిడ నవ్వుతూ సరే అంటుంది, లోపల ఏమనుకుంటుందో ఊహించుకోవచ్చు. పైగా సమోసా నిండా బంగాళాదుంపే. అసలు భోజనంలో అది గిన్నెడు ఎలాగూ ఉంటుంది.

రెండోది, ఎలర్జీలు. మనకిది చాదస్తంలా కనిపిస్తుంది కానీ కొందరికి ప్రాణం మీదకొచ్చే విషయం. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో గోధుమ, పాలు, వేరుశనగ, జీడిపప్పు లాంటివి ఎప్పణ్ణుంచో ఉన్నాయి. 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా చేరాయి, తొమ్మిదోదిగా. అంటే జంతికల్లో నువ్వులూ, చెక్కల్లో పల్లీలూ చెప్పి తీరాలి. కొట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుస్తుందని మనలోనే ఎంతమందికి తెలుసు? ఇంట్లో చేసిన దానికి లేబులుండదు. ఓ చీటీ మీద దినుసులన్నీ రాసి గిన్నె పక్కన పెట్టండి.

మరి ఏం తీసుకెళ్ళాలి అంటారా? నా ఓటు శనగ గుగ్గిళ్ళకి. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, ఆవాలూ కరివేపాకుతో తాలింపు వేసి, నిమ్మకాయ పిండితే అయిపోయింది. ఇంగువ వెయ్యకండి, ఎండుమిరపకాయలు ఏరెయ్యండి. చల్లారినా బావుంటాయి, మాంసం తినని వాళ్ళకీ పనికొస్తాయి. నాలుగు చెంచాలు తింటే టర్కీ బయటికొచ్చేదాకా ఆకలి ఆగుతుంది, చచ్చిపోదు. చిన్న కప్పులూ స్పూన్లూ కూడా మీరే పట్టుకెళ్ళండి. రెండు గంటలు దాటి బయట ఉంచద్దని అక్కడి వ్యవసాయ శాఖ చెప్పే నియమం, దార్లో పట్టే టైముతో కలిపే లెక్క.

"థాంక్స్‌గివింగ్‌కి గుగ్గిళ్ళేంటి, నామోషీ" అనకండి. దసరాకి అమ్మవారికి నైవేద్యం పెట్టేది మీ మేనేజరుకి తక్కువైందా? :)

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఆఫీసులో "ఓ, ష్యూర్, నేను తెస్తా" అనేది మగాడు. ఉల్లిపాయలు తరుక్కుంటూ నూనె పొయ్యి ముందు నిలబడేది వాళ్ళావిడ. అక్కడ "వావ్, అమేజింగ్!" అని అందరూ మెచ్చుకుంటుంటే మెలికలు తిరిగేది మళ్ళీ ఇతగాడే. ఇంకొకరు రాసిన కోడు మన పేరు మీద చెకిన్ చేస్తే ఊరుకుంటామా? ఓవెన్ అడగడం ఎంత తప్పో ఇదీ అంతే. మనకొచ్చే మంచిపేరు ఖర్చు ఇంకొకరి ఖాతాలో రాయకూడదు.

తెస్తానన్నవాడే చెయ్యాలి. చేతకాదంటారా, ఆ కూరగాయల ట్రే హాయిగా కొనుక్కెళ్ళండి. అందులో సిగ్గేం లేదు. ఏమంటారు?