డబ్బా లారీ కొనేముందు

వృద్ధులైన తల్లిదండ్రులు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి బస్సులు మారుతూ, లాడ్జీలు వెదుక్కుంటూ సాగే దూరప్రయాణం భారమే. అందుకే మూసిన డబ్బా ఉన్న పాత సరుకుల లారీని కొని, అందులో పడకలు, వంటగట్టు, ఉజూకు నీళ్లట్యాంకు, నమాజుకు చోటు అమర్చుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన కొన్ని కుటుంబాలలో మొలకెత్తుతున్నది. విజయవాడ పరిసరాల వారికి ఇది అందని కోరిక కాదు. లారీ బాడీలు కట్టడంలో పేరుపొందిన జవహర్ ఆటోనగర్‌లో వడ్రంగి, వెల్డరు, పెయింటరు, ఎలక్ట్రీషియను అందరూ ఒకే చోట దొరుకుతారు. పనివారు సులువుగా దొరకడం వల్లనే ఏ బండిని కొనాలన్న ప్రశ్నను మనం తేలికగా తీసుకుంటాము. వడ్డీ అప్పుకు దూరంగా ఉండదలచి, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ఒక్కసారిగా వెచ్చించే కుటుంబం ఈ ఎంపికలో పొరబడితే తిరిగి కోలుకోవడం కష్టం.

మొదట చూడవలసినవి కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. కనుక బయానా ఇవ్వకముందే, చేయదలచిన మార్పుల చిత్రపటంతో రవాణాశాఖ కార్యాలయానికి వెళ్లి, ఆ బండిని నివాసవాహనంగా నమోదు చేస్తారా, అందుకు ఏ ఆమోదాలు కావాలో తెలుసుకోవాలి. సరుకుల బండిగానే ఉంచి వెనుక భాగంలో భార్యాపిల్లలను ఎక్కించుకోవడం నేరమే కాదు, ప్రాణాలతో చెలగాటం. సరుకుల వాహనంలో ఊరకే ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా సంస్థకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టం చేసింది.

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండిమీద చెక్కిన నంబర్లతో పోల్చి చూడాలి. ఫైనాన్సు బాకీ తీరినట్లు ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30, చెల్లించిన పన్ను రసీదులు, మిగిలిపోయిన చలాన్లు చూసుకోవాలి. సరుకుల వాహనానికి 8 ఏళ్లు దాటిన తరువాత ఫిట్‌నెస్ పరీక్ష ఏటా తప్పదు. చవకగా దొరికిన ముసలి బండి ఈ లెక్కలో ఖరీదైనదిగా తేలవచ్చు.

తరువాత అడగవలసింది, ఆ బండి నీట మునిగిందా అని. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. ఆ నీటిలో లెక్కలేనన్ని వాహనాలు మునిగాయి. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు వేసిన బండిని చూసి మురిసిపోరాదు. సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చార ఉన్నదేమో చూడాలి. సీటు కింది బోల్టుల తుప్పు, హెడ్‌లైట్ల లోపలి ఒండ్రు, వైరు కనెక్టర్ల మీది పచ్చని చిలుము నిజం చెబుతాయి. 2020 తరువాతి బీఎస్-6 బండ్లలో సెన్సార్లు, వైరింగు ఎక్కువ కనుక మునక వాటికి మరింత చేటు. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరిందని అర్థం.

బండి ఏ సరుకు మోసిందో తెలుసుకోవడం అంతే ముఖ్యం. కైకలూరు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు మోసిన డబ్బాలకు గోడల మధ్య ఫోమ్ ఉంటుంది. వేసవిలో చల్లగా ఉంటుందని అవి మనసును లాగుతాయి. కాని కరిగిన మంచునీరు ఏళ్ల తరబడి కారి కింది అడ్డదూలాలను, ఛాసిస్‌ను తినివేస్తుంది. చెక్క నేలలో ఇంకిన వాసన ఎంత కడిగినా పోదు. ఎరువులు మోసిన బండిలోనూ తుప్పు బెడద ఉంటుంది. బండి కిందికి దూరి, సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి. పెచ్చులు రాలితే, కొత్త వెల్డింగు అతుకులు కనిపిస్తే ఆ బేరం వదులుకోవడమే క్షేమం. పగటివేళ ఒకరు బయట నిలబడగా మరొకరు లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుంటే, వెలుగు చుక్కలు కనిపించిన ప్రతిచోటా వాన కారుతుందని తెలిసిపోతుంది.

బయట ఒకరు ఉండాలనడానికి కారణం ఉన్నది. సరుకుల డబ్బా తలుపులకు గొళ్లెం బయటే ఉంటుంది. మనుషులు నిద్రించే చోటికి లోపలినుండి తెరుచుకునే ద్వారం, ఎదురెదురు కిటికీలు తప్పనిసరి. గాలి ఆడని డబ్బాలో గ్యాసుపొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. బరువునూ మరువరాదు. ఖాళీ బండిని కాటా వేయించి, ఆర్‌సీలోని మొత్తం అనుమతి బరువులోనుండి తీసివేస్తే మనకు మిగిలేది తెలుస్తుంది. 200 లీటర్ల నీరంటేనే 200 కిలోలు. ట్యాంకు ఒక పక్కన, అల్మారా కూడా అదే పక్కన పెడితే మలుపులలో బండి ఒరుగుతుంది.

ఇంతవరకు కొనేవారిని ఉద్దేశించి చెప్పాము. పాత బండ్లు అమ్మే సోదరులూ మన పాఠకులలో ఉన్నారు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించిన ఉదంతం వారికి తెలియనిది కాదు. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, కొనేవారికి కనిపించేలా దానిని పైన ఉంచలేదెందుకని ఆయన అడిగారు. తడవడం వర్తకుని తప్పు కాదు, దాచడమే తప్పు. వరదలో మునిగిన బండిని మునిగిందని చెప్పి, తగిన ధరకు అమ్మితే అది ధర్మమైన వ్యాపారమే. నీరు ఎంత ఎత్తున నిలిచిందో, ఏయే భాగాలు మార్చారో ఒక కాగితంమీద రాసి సంతకం చేసి ఇవ్వండి. ఆ డబ్బాలో రేపు నిద్రించబోయేది ఒక కుటుంబం.