పగడం లేని సముద్రం

హాల్లో ఓ చిన్న సముద్రం పెట్టుకోవాలని నా కోరిక. పగడాలు, వాటి మధ్య చేపలు. 60 లీటర్ల తొట్టి చాలనుకున్నా. కానీ తొట్టి చిన్నదైన కొద్దీ ఉప్పు, వేడి తొందరగా అదుపు తప్పుతాయని తెలిసి 200 లీటర్లది కొన్నా.

"నీళ్లు పోసి నెలైంది, చేపలేవిరా?" అంది అమ్మ.

"అమ్మోనియాని తినే బ్యాక్టీరియా పెరగాలమ్మా."

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే రోజూ తగ్గినంత మంచినీళ్లే పోస్తున్నా.

మొన్న షాపతను గొంతు తగ్గించి, "లైవ్ కోరల్ ఉంది సార్" అన్నాడు. రంగులు చూస్తే మనసు లాగింది, అబద్ధమెందుకు! కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రీఫ్ కట్టే పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. వద్దన్నా. సెరామిక్ రాళ్లు తీసుకుని, హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలకి ఆర్డరిచ్చా. అతను మొహం మాడ్చుకున్నాడు.

చేపలు వచ్చేవారం వస్తాయి. అమ్మ అప్పుడే పేర్లు పెట్టేసింది.