వంట ఎప్పటి నుండి చెయ్యవచ్చు?



డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతికిచ్చి, "ఇంకా ఏమైనా అడగాలా అమ్మా?" అంటే, ఆపరేషను చేయించుకున్న స్త్రీలలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "వంట ఎప్పటి నుండి చెయ్యవచ్చు?" మగవారు డ్యూటీకి ఎప్పుడు వెళ్ళవచ్చు, బండి ఎప్పుడు నడపవచ్చు అని అడుగుతారు. స్త్రీలు వంట గురించి అడుగుతారు. పెద్ద కడుపు ఆపరేషను తరువాత సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తవద్దని మేము చెబుతాము. ఆమె తల ఊపుతుంది. ప్రక్కన నిలబడ్డ భర్త, కొడుకు కూడా తల ఊపుతారు. వారం తరువాత కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు అడిగితే, ఇంటికి వెళ్ళిన మూడో రోజు నుండే పొయ్యి దగ్గర నిలబడుతున్నట్టు తెలుస్తుంది. "ఏం చెయ్యమంటారు సిస్టర్, ఇంట్లో ఇంకెవరికీ వంట రాదు" అంటుంది.

ఆ ఒక్క మాట గురించే ఈసారి వ్రాయదలచుకున్నాము.

"ఇంకెవరికీ వంట రాదు" అన్న మాటకు ఒకప్పుడు అర్థం ఉండేది. కట్టెల పొయ్యి మంట ఎగదోసుకుంటూ, గంజి వార్చుతూ, రోట్లో పచ్చడి నూరుతూ, రుబ్బురోలులో పిండి రుబ్బుతూ వంట చెయ్యాలంటే ఏళ్ళ అలవాటు కావాలి. ఇప్పుడు మన సంఘ కుటుంబాలలో చాలా ఇళ్ళలో ప్రెషర్ కుక్కరు ఉంది, మిక్సీ ఉంది. కొన్ని ఇళ్ళలో పెళ్ళికి వచ్చిన ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు అట్టపెట్టెతో సహా అటక మీద ఉంది. ఈ చిన్న యంత్రాలు ఉన్న ఇంట్లో పెద్దవారెవరైనా "నాకు వంట రాదు" అంటే, అది ఇక అలవాటు మాటే గాని నిజం కాదని మా అభిప్రాయం.

వంట చేసే మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో చూడండి. ప్రొద్దున టిఫిను బండి దగ్గర నుండి, మధ్యాహ్నం కర్రీ పాయింటు నుండి కవర్లలో కూర, పప్పు, సాంబారు వస్తాయి. కర్రీ పాయింటు నడుపుకునేవారిని మేము తప్పు పట్టడం లేదు. వారు కూడా కుటుంబాన్ని పోషించుకోవాలి. ఎంతోమందికి వేళకు అన్నం వారి వల్లే అందుతోంది. కాని ఆ కవరులోని కూరలో ఉప్పెంత, నూనె ఎంత అన్నది కొనేవారికి తెలియదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించవద్దని చెబుతున్నాయి. అంటే అన్నిటిలోనూ కలిపి సుమారు ఒక టీ స్పూను. బి.పి. ఉన్నవారు "మేము ఉప్పు తగ్గించాము" అని మాతో నమ్మకంగా చెబుతారు. అన్నంలో వేసుకునే ఉప్పు నిజంగానే మానేసి ఉంటారు. కొని తెచ్చిన పప్పులో, సాంబారులో, ఆవకాయలో ఉన్న ఉప్పు వారి లెక్కలోకి రాదు.

నూనె సంగతీ అంతే. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచితే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. వాటిని పోలార్ పదార్థాలు అంటారు. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదన్న నిబంధన మన దేశంలో 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. కాని బజ్జీల బాణలిలోని నూనెలో ఎంత శాతం ఉందో కంటితో చూసి మనం చెప్పలేము. మన ఇంటి గిన్నెలో ఏమి వేశామో మాత్రం మనకు తెలుసు. ఇంటి వంట విలువంతా అక్కడే ఉంది.

ఇక "వంట రాదు" అనేవారి కోసం ఈ యంత్రాలు చేసే పనేమిటో చూద్దాము. 1955లో జపానులో తోషిబా సంస్థ ఆటోమేటిక్ రైస్ కుక్కరును మార్కెట్లోకి తెచ్చింది. నేటి సాధారణ రైస్ కుక్కరు పనిచేసే పద్ధతి చాలా తేలిక. గిన్నెలో నీళ్ళు ఉన్నంత సేపు వేడి 100 డిగ్రీలు దాటదు. బియ్యం నీళ్ళన్నీ పీల్చుకోగానే గిన్నె అడుగు ఇంకా వేడెక్కుతుంది. ఆ తేడాను క్రింద ఉన్న స్విచ్చి గుర్తించి, టక్కున పైకి లేచి వంట ఆపేస్తుంది. గంజి వార్చనక్కర లేదు, కాబట్టి గంజి మీద పడి కాలే భయం లేదు. ప్రక్కన నిలబడనక్కర లేదు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, పాత బియ్యమైతే మరికాస్త. పదో తరగతి చదివే అబ్బాయికి రెండుసార్లు చూపిస్తే చాలు.

ప్రెషర్ కుక్కరులో ఆవిరి బయటకు పోకుండా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అందుకే మామూలు గిన్నెలో చాలాసేపు పట్టే కందిపప్పు నాలుగైదు కూతలకే మెత్తబడుతుంది. వంట రానివారు మొదట నేర్చుకోవలసినది ఆకుకూర పప్పు అని మేము చెబుతాము. ఒక గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. శుభ్రంగా కడిగి తరిగిన తోటకూర రెండు గుప్పెళ్ళు, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు వేసి, మూడు గ్లాసుల నీళ్ళు పోసి నాలుగైదు కూతలు రానివ్వండి. ఆవిరి పూర్తిగా పోయిన తరువాతే మూత తియ్యండి. పప్పుగుత్తితో మెదిపి, చింతపండు పులుసు పోసి, అర టీ స్పూను ఉప్పు వేసి ఇంకొక అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. చింతపండు ముందే వేస్తే పప్పు త్వరగా ఉడకదు. రెండు టీ స్పూన్ల నూనెతో వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టండి. నలుగురికి సరిపోతుంది. ఉప్పు మన చేతిలో ఉంది, నూనె మన చేతిలో ఉంది, ఆపరేషను అయిన మనిషి మంచం మీద ఉంది. ఇంతకంటె పెద్ద విద్య ఏమీ లేదు.

మిక్సీ చేసే మేలు కూడా మేము వార్డులో చూస్తున్నాము. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి, పళ్ళు లేని వృద్ధులకు మెత్తటి ఆహారం కావాలి. ఖరీదైన డబ్బా పొడులే కొనాలని చాలామంది అనుకుంటారు. డాక్టరు లేదా డైటీషియను చెప్పిన మేరకు ఇంట్లో ఉడికించిన అన్నం, పప్పు, కూరగాయలు మిక్సీలో మెత్తగా చేసి పెట్టవచ్చు. ఎంత చిక్కగా ఉండాలో మాత్రం తప్పక అడిగి తెలుసుకోండి. షుగరు ఉన్నవారికి ఒక మాట. పండ్లు మిక్సీలో వేసి, వడకట్టి, రసం త్రాగడం మంచిది కాదు. పీచు పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులో మిగులుతుంది. పండును పండుగానే, కొలతగా తినండి.

షుగరు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఇన్సులిన్ వేసుకొని, ఎవరో వచ్చి వండిపెట్టే వరకు కూర్చునే పెద్దవారు మనలో ఉన్నారు. భార్య ఊరికి వెళ్ళిందనో, కోడలు ఆఫీసు నుండి రాలేదనో ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి, స్పృహ తప్పి అత్యవసర విభాగానికి వస్తారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ ఒంటరిగా మిగిలిన తండ్రులది మరీ కష్టం. ఒక గ్లాసు బియ్యం, కాస్త పప్పు కుక్కరులో పెట్టుకోవడం వచ్చి ఉంటే ఆ ప్రమాదాలలో కొన్నయినా తప్పేవి. వంట నేర్చుకోవడం భార్యకు చేసే ఉపకారం మాత్రమే కాదు. అది మీ ఆరోగ్యానికి మీరే వేసుకునే కాపలా.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కుక్కరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి. 2021 ఫిబ్రవరి 1 నుండి ఇంటి ప్రెషర్ కుక్కర్లకు అది తప్పనిసరి చేశారు. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపకండి. పప్పు పొంగుతుంది కాబట్టి పప్పయితే సగానికి మించకూడదు. వెయిటు పెట్టే రంధ్రం మూసుకుపోలేదని ప్రతిసారి చూడండి. సాగిపోయిన గాస్కెట్టు మార్చండి. మిక్సీ బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తియ్యండి. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు పనిచేస్తున్న ఇండక్షన్ స్టవ్వుకు కనీసం రెండు అడుగుల దూరంలో ఉండాలి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోవలసినవారు కూరగాయలను ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీరు పారబోయాలి. కుక్కరు పప్పులో ఆ నీరు అలాగే ఉండిపోతుంది కనుక వారు డాక్టరును అడిగి తినాలి. కుక్కరు ఆపేసి, మిగిలిన అన్నం అందులోనే రాత్రంతా వదిలేసి మరునాడు వేడిచేసుకుంటే సరిపోతుందనుకోకండి. అందులో పెరిగే కొన్ని సూక్ష్మక్రిములు విడిచిన విషం మళ్ళీ వేడిచేసినా పోదు. త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకొక విన్నపం: రోగికి పాలు కాచడానికని హీటరు, కరెంటు పొయ్యి వార్డులోకి తేవద్దు. ఆక్సిజన్ ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు.

మీలో కొందరు, "అయితే కొత్తగా వచ్చిన ఎయిర్ ఫ్రయ్యరు కొనమంటారా?" అని అడగవచ్చు. కొనగలిగినవారికి అది నూనె తగ్గించే సాధనమే. కాని యంత్రానికి యంత్రంగా ఆరోగ్యం ఉండదు. ప్యాకెట్టులో వచ్చిన ఉప్పటి చిరుతిండిని అందులో వేసినా అందులోని ఉప్పు అలాగే ఉంటుంది. అప్పు చేసి కొత్త యంత్రం కొనకండి. ముందు అటక మీది కుక్కరును దించండి. అది కూడా లేని ఇంట్లో ఒక గిన్నె, మూత, గ్యాసు పొయ్యి ఉన్నా ఈ పప్పు ఉడుకుతుంది. కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

"మగవాడు వంట చేస్తే చూసేవాళ్ళు ఏమంటారు?" అని కూడా అంటారు. చర్చి విందులకు డేగిశాలలో వందలమందికి బిరియానీ వండేది మన మగవారే కదా! అక్కడ లేని నామోషీ ఇంట్లో నలుగురికి పప్పు వండితే ఎందుకు రావాలి?

కాబట్టి మా మనవి ఇది. ఎవరికో జబ్బు చేసేవరకు ఆగవద్దు. ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి రాగానే, రోజూ వండే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి. అన్నం ఒకరు, పప్పు ఒకరు వండండి. మొదటిసారి అన్నం ముద్దయినా, పప్పు పలుచనైనా ఎవరూ వంకలు పెట్టవద్దు, నవ్వవద్దు. నాలుగు ఆదివారాలు గడిస్తే చెయ్యి తిరుగుతుంది.

మందు మేము ఇస్తాము, కుట్లు మేము వేస్తాము. ఆ ఆరు వారాల విశ్రాంతి మాత్రం ఇంటివారే ఇవ్వాలి. ఇకముందు డిశ్చార్జి రోజున ఒక తల్లి "వంట ఎప్పటి నుండి చెయ్యవచ్చు?" అని అడిగినప్పుడు, మేము జవాబు చెప్పేలోపే ప్రక్కన నిలబడ్డవారు "ఆ సంగతి మేము చూసుకుంటాములే" అనాలని మా కోరిక.