గురువు పేరు లేని విద్య

రష్యావారి కుస్తీ ‘సాంబో’కు వేళ్ళు జపానులో వున్నాయి. సఖాలిన్ దీవిలో పుట్టిన వాసిలీ ఓష్చెప్కోవ్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. 1911లో టోక్యోలోని కోడోకాన్‌లో చేరి జూడో నేర్చాడు. 1913లో నల్లబెల్టు కట్టాడు. తరువాత మాస్కోలో శిష్యులను చేరదీసి, ఇతర కుస్తీల పట్లు కూడా అందులో కలిపాడు.

జపానులో తన దేశం తరపున వేగు నడిపిన ఆ మనిషినే 1937లో జపాను గూఢచారి అని పట్టుకున్నారు. పదిరోజులలో జైలులోనే ప్రాణం పోయింది. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ కుస్తీని గుర్తించింది. కీర్తి మాత్రం శిష్యుడు ఖర్లాంపియేవ్‌కు దక్కింది. గురువు నిర్దోషి అని 1957లో తేల్చారు.

మన పహిల్వాన్లు గోదాలో దిగేముందు గురువును తలుచుకుంటారు. ఆ 20 ఏళ్ళూ అక్కడి కుర్రాళ్ళు ఎవరిని తలుచుకున్నారో!