దుక్కి పోటీలును దారిబత్తెమును

దున్నుట సేద్యగాండ్ర కెల్లరకును దెలిసిన పనియే గాని, చక్కగా దున్నుట కొందఱికే తెలియును. ఆ కొందఱిని గుర్తించి గౌరవించుటకు ఐర్లండు దేశపు రైతు లెట్టి యేర్పాటు గావించుకొనిరో, అందు మన సంఘసభ్యులు గ్రహింపదగిన దేమో యీ మాసమున విన్నవింప నెంచితిమి.

మన పల్లెలలో బండలాగుడు పందెములు కలవు. నియమితకాలములో ఏ జత ఎంతదూరము బండ నీడ్చెనో కొలిచి బహుమాన మిత్తురు. అది పశువు బలమునకును, యజమాని పోషణకును జరుగు పరీక్ష. దానిని మేము తక్కువచేయము. కాని మేడిపట్టిన చేతి నేర్పునకు పరీక్ష యేది? ఏరువాక పున్నమినాడు నాగలికి పసుపు కుంకుమలు పెట్టుదుము, దున్నువానికి పెట్టినదేమి?

ఐర్లండులో కిల్డేరు సీమవాడైన జె. జె. బెర్గిన్, వెక్స్‌ఫర్డు సీమవాడైన డెనిస్ ఆలెన్ అను నిరువురు మిత్రులకు, తమ రెండు సీమలలో ఎచ్చటి సేద్యగాండ్రు మేటులన్న వాదము పుట్టెను. దానిని నోటితోగాక నాగలితోనే తేల్చుకొన దలచిరి. 1931 ఫిబ్రవరి 16వ తేదీన అథై పట్టణము చెంత 26 ఎకరముల పొలములో తొలిపోటీ జరిగెను. తొమ్మిది సీమలవారు పాల్గొనిరి. నేడు ఏటేట మూడు దినములు జరుగు ఆ యుత్సవమునకు రెండు లక్షలకు మించి జనము వచ్చుచున్నారు. ట్రాక్టరు నాగళ్ళతోపాటు గుఱ్ఱపు నాగళ్ళ తరగతియు నేటికిని నిలిచియున్నది.

ఈ పోటీలలో వడిగా దున్నినవానికి గెలుపు లేదు. కాలపరిమితి యుండును గాని, అంతకు ముందే ముగించుటవలన నదనముగా మార్కులు రావు. తొలిచాలు తిన్నగా తెఱచెనా? చాళ్ళన్నియు ఒకే లోతున, ఒకే వెడల్పున సాగెనా? కొయ్యకాళ్ళును, కలుపును పూర్తిగా పూడ్చబడెనా? గట్టుచెంత నాగలి దింపినచోటును, ఎత్తినచోటును ఒక వరుసలో నున్నవా? కడపటి చాలు సన్నగా, శుభ్రముగా ముగిసెనా? ఇవి నిర్ణేతలు చూచు విషయములు. ఒక్కప్రక్కకే మట్టి త్రిప్పు రెక్కనాగలి కొక తరగతియు, ఇరుప్రక్కలకును త్రిప్పగల నాగలికి మఱియొక తరగతియు వేఱువేఱుగా కలవు.

ఇక అర్హత సంగతి. ప్రతి సేద్యగాడును మొదట తన సీమలోని పోటీలో గెలువవలెను. అట గెలిచినవాడే దేశపు పోటీకి పోవును. దేశములో ప్రథములైనవారికి ప్రపంచపు పోటీలో నిలుచు నర్హత కలుగును. ప్రపంచ దుక్కి సంస్థ 1952లో ఏర్పడెను. దాని మొదటిపోటీ 1953లో కెనడాలోని కోబర్గులో జరిగెను. యుద్ధపు గాయములు మానని ఆ దినములలో వారు శాంతిస్తూపమును నిలిపి, శాంతియే పొలములను సాగుచేయవలె నను భావముగల లాటిను వాక్యమును దమ ధ్యేయముగా గ్రహించిరి. ఆ పోటీలో ఒకనాడు కొయ్యకాళ్ళ నేలను, మఱునాడు పచ్చికనేలను దున్నవలెను. రెంటి మార్కులను గలిపి విజేతను నిర్ణయింతురు.

ఇంతవఱకు నేర్పుతో సాగినపని యిటుపై ఖర్చుతో సాగవలసివచ్చును. పరదేశపు పోటీకి నాగలిని ఓడమీద ముందుగా పంపవలెను. ఎఱుగని నేలను చేతికి మచ్చిక చేసికొనుటకై కొన్నిదినములు ముందుగనే చేరి సాధన చేయవలెను. వెక్స్‌ఫర్డు సేద్యగాడు మార్టిన్ కీహో 1994, 1995, 1999 సంవత్సరములలో ప్రపంచవిజేత యయ్యెను; అందు 1995 పోటీ ఆఫ్రికాలోని కెన్యాలో జరిగినది. తన యూరి నేలను మాత్రమే యెఱిగినవాని కిట్టి గెలుపు దుర్లభము. దారిబత్తెము లేనివానికి సాధనయు దుర్లభమే.

మా యభిప్రాయ మిది: అర్హతను పొందుట సేద్యగాని పని, అర్హుని పంపుట సంఘము పని. చేతిలో నేర్పుండియు జేబులో పైకము లేక ఇంట నిలిచిపోయినవాడు ఒక్కడున్నను, ఆ పోటీ నేర్పునకు జరిగినట్లు కాదు, కలిమికి జరిగినట్లే. అప్పుడు విజేత మంచి సేద్యగాడు కాడు; వచ్చినవారిలో మంచివాడు మాత్రమే.

ఒకనికి పతకము వచ్చుటకై పదిమంది సొమ్మేల వ్యయపఱచవలె నని కొంద ఱడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పతకము వానిదే; విద్య మాత్రము ఊరిది కావలెను. కావున దారిబత్తెము నుచితముగా నీయక యొక షరతు పెట్టవలెను: తిరిగివచ్చినవాడు సభ్యులయెదుట ఒక మడి దున్ని చూపి, ఇద్దఱు యువకులకు ఆ పని నేర్పవలెను. లెక్కలు మహాజనసభయెదుట చదువవలెను.

ఈ కాలమున తక్కువగా దున్నుటయే మేలని శాస్త్రజ్ఞులు పెక్కుచోట్ల చెప్పుచుండగా ఈ పోటీలేల యని మఱికొంద ఱనవచ్చును. దున్న నవసరములేని నేలను దున్నుమని మేము చెప్పము. కాని దున్నినచోట లోతు హెచ్చుతగ్గులైనయెడల విత్తనము సమముగా పడదు, మొలక సమముగా రాదు. పూడని కలుపు మరల తలయెత్తును. వాలువెంబడి దున్నిన చాలు వానకు కాలువయై మేలుమన్నును గొనిపోవును. కూలికి పిలిచిన ట్రాక్టరువాడు గంటలు లెక్కించునే గాని చాళ్ళను లెక్కింపడు. చాలును చూచు కన్ను రైతునకు లేనియెడల ఆ నష్టము రైతుదే.

కావున సంఘసభ్యులారా, విదేశయాత్రలను తలచుటకు ముందు మన గ్రామములలోనే మొదటిమెట్టు కట్టుకొందము. రాబోవు ఏరువాకకు ప్రతిసంఘమును ఒక యెకరము నేర్పాటుచేసి, ఎడ్లనాగలికి వేఱు, ట్రాక్టరునకు వేఱుగా పోటీ జరుపవలెను. సొంతభూమి లేని పాలేరునకును, కూలికి నడపు డ్రైవరునకును రుసుము లేకుండ ప్రవేశ మీయవలెను. ఏలయన మన పొలములలో చాళ్ళు తీయుచున్నవారు పెక్కుచోట్ల వారే. గెలిచినవానిని పైమెట్టు పోటీకి పంపుటకై దారిబత్తెమును ముందుగనే తీర్మానించి యుంచవలెను. పిలుపు వచ్చినపిమ్మట చందాలకై తిరుగుట, వాన వెలిసినపిమ్మట విత్తనములకై పరుగెత్తుటవంటిది.